డాక్టరమ్మగారి కరెంటు షవరు

మూడోసారి ఫ్యూజు కట్టడానికి వెళ్లినప్పుడు నర్సు జీవమ్మ నన్ను స్నానాల గది గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఏమప్పా లేవీ, నీకు పని వచ్చునా, ఇంగా నేర్చుకుంటాండావా?"

"నేర్చుకుంటానే ఉండా. నువ్వు నేర్పిస్తావా?"

నర్సమ్మ నవ్వలేదు. నాకూ లోపల నవ్వు లేదు.

అది 1941. మా మిషన్ ఆసుపత్రిలో డైనమో పెట్టి ఏడాది. డోన్‌ రైల్వేలో పని నేర్చుకుని, దాన్ని చూసుకోవడానికి చేరాను. ఎండకే నీళ్లు కాగే మా సీమలో డాక్టరమ్మగారికి వేడినీళ్ల షవరు కావాల్సి వచ్చింది. గోడకు రాగి డబ్బా, అందులో కరెంటుతో కాగే నీళ్లు, కింద జల్లెడ మూతి. ఆపరేషన్ ముగిసేసరికి నీళ్లు కాగి ఉండాలని జీవమ్మ ముందే స్విచ్చి వేసి పెట్టేది. పది రోజులకోసారి ఫ్యూజు ఎగిరిపోయేది, అదే లైను మీదున్న పక్క ఆపరేషన్ గదిలో దీపం ఆరిపోయేది. ఈ మూడోసారి ఒకామెకు కడుపు కోసి ఉండగా ఆరింది. లాంతరు వెలుగులో కుట్లు వేశారు.

"లేవీ, ఇంకొక్కసారి ఇలా జరిగితే మద్రాసు నుంచి వేరే మనిషిని పిలిపిస్తాను" అన్నారు డాక్టరమ్మగారు.

ఉద్యోగం పోతే డోన్‌కు పోవాలి. డోన్‌లో జీవమ్మ లేదు. నా బాధంతా అదే.

ఎప్పుడు వెళ్లినా గది పొడిగా, అద్దంలా ఉండేది. గొట్టం, తీగ, స్విచ్చి అన్నీ చూశాను. తప్పు దొరకలేదు. ఫ్యూజు మారిస్తే చాలు, బుద్ధిగా పనిచేసేది.

శనివారం కబురు పెట్టకుండానే వెళ్లాను. జీవమ్మ స్టూలెక్కి, గొట్టం అతుకు దగ్గర పాత చీర పీలిక కడుతోంది. అతుకులోంచి కారే బొట్లు పీలిక వెంట జారి కింద కడవలో పడుతున్నాయి. ముడి కొస తడిసి, తీగలు పోయే చెక్కపెట్టెకు అంటుకుని ఉంది.

"దిగు! స్విచ్చి ముట్టుకోవద్దు!"

"అట్ల అరుస్తావేమప్పా?"

"ఎన్నాళ్ల నుంచి కడతాండావు ఇది?"

"నెల నుంచి. దినానికి అర కడవ వస్తాది. బావి ఎండిపోయి ఆడోళ్లు మైలు దూరం నుంచి మోస్తాండారు. పారబోయల్లంటే మనసొప్పలే. బాలింతల గుడ్డలు ఉతికేకి వాడుతాండా."

"మరి నేనొచ్చినప్పుడు ఈ పీలిక యాడికి పోయింది?"

"ఆడోళ్ల స్నానాల గదిలోకి మగమనిషి వస్తాంటే పీలికలు యాలాడదీసి పెడతారా? నీకు కబురు పోతానే అన్నీ తీసి, తుడిచి పెడతాంటి."

తల పట్టుకున్నాను. నేను వెతికే తప్పును నాకోసమే తుడిచి దాచిపెడుతోంది! తడిగుడ్డ నీళ్లను తీగలదాకా తీసుకుపోతోందని, అందుకే ఫ్యూజు ఎగురుతోందని చూపించాను. షాకు కొడితే డాక్టరమ్మగారి ప్రాణం పోయేదన్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"దీపం ఆరినప్పుడు ఆ తల్లికేమన్నా అయింటే?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతే, నా కోపం ఎటు పోయిందో తెలియదు.

అతుకు విప్పి, నార చుట్టి బిగించాను. కారడం ఆగింది. తడిసిన తీగలు మార్చాను.

"ఎవరికీ చెప్పొద్దు. గొట్టం సరిగా చూడలేదని నేనే చెప్తా" అన్నాను.

డాక్టరమ్మగారి ముందు అదే చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"అయితే నువ్వు వెళ్లాల్సిందే, లేవీ."

"తప్పు నాదమ్మా!"

అన్నది నేను కాదు, నా వెనకే వచ్చిన జీవమ్మ. పీలిక, కడవ, తుడవడం, ఏదీ దాచలేదు.

డాక్టరమ్మగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "నీళ్లు కారుతున్నాయని నాకు చెప్పకపోవడం తప్పు. వాటిని పారబోయకపోవడం తప్పు కాదు" అని, నావైపు తిరిగారు. "నువ్వెందుకు అబద్ధం చెప్పావు?"

ఇంక దాచి లాభం లేదు.

"ఈమెను పెండ్లి చేసుకోవాలని ఉండాదమ్మా. ఈమె పని పోతే చూడలేను."

"సోమవారం ఇద్దరూ పనికి రండి" అంటూ, నవ్వు ఆపుకోలేక ఆవిడే బయటికి వెళ్లిపోయారు.

జీవమ్మ నేల చూస్తూ నిలబడింది.

"ఆ మాట అడగాల్సింది డాక్టరమ్మనా, నన్నా?"

అడిగాను.