తీసెయ్యని మాట

పొద్దున్నే కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆవిడ ఒకసారి భర్త వైపు, ఒకసారి కొడుకు వైపు చూసింది. తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లే. ఆయన టకటకా ఏదో కొట్టి ఆపగానే కొడుకు ఫోన్ టింగుమంది. కొడుకు చదివి, పళ్లు బిగించి, తనూ ఏదో కొట్టాడు. ఈసారి ఆయన ఫోన్ టింగుమంది. నోటి మాట మాత్రం ఒక్కటి లేదు.

"చక్కెర డబ్బా ఇటు జరపమని నాన్నకి చెప్పమ్మా."

"నాకూ చెవులున్నాయని వాడికి చెప్పు."

"మీ ఇద్దరి మధ్యా రాయబారాలు మోయలేక చస్తున్నా," అంటూ ఆవిడే డబ్బా జరిపింది.

ఇంట్లో రెండు వారాలుగా ఇదే తంతు. ఆసుపత్రుల్లో మందులిచ్చే కిటికీ దగ్గర మనిషి ముఖం చూసి గుర్తుపట్టే యంత్రాలు పెడుతున్నారనీ, ముఖం సరిపోతేనే మందు చేతికిస్తారనీ ఒక టెక్నాలజీ వార్తల సైట్లో వచ్చింది. దాని కింద జనం వాదులాటకు దిగారు. మందుల దొంగతనం ఆగుతుందని కొందరు, ఇదంతా నిఘా అని కొందరు, ఓట్ల కోసం ఆర్భాటమని ఇంకొందరు. భయం పుట్టించే వ్యాఖ్యలు తీసెయ్యమని ప్రభుత్వం ఆ సైటు వాళ్లకి చెప్పిందని తెలిశాక మంటలో నూనె పోసినట్టయింది.

ఆయన కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా జడ్జీలూ వకీళ్లూ సాక్షులూ అన్న మాటలు టైపు కొట్టడమే గానీ, తన మాటగా ఒక్కటి అన్నది లేదు. కొలీగులు 'మూగాయన' అనేవారు. ఇప్పుడా కరువంతా తీర్చుకుంటున్నట్టు, 'నోరున్నవాడు' అనే పేరు పెట్టుకుని ఆ సైట్లో పొద్దస్తమానం రాస్తుంటారు. ఎంత చేదు మాటైనా తీసెయ్యకూడదని, తప్పయితే జవాబు చెప్పాలే గానీ నోరు నొక్కకూడదని ఆయన వాదన.

కొడుకు సరిగ్గా ఆ యంత్రాలు చేసే కంపెనీలోనే ఇంజనీరు. "నోటికొచ్చిందల్లా రాస్తే జనం మందులకి రావడమే మానేస్తారు. మాటకి ఎక్కడో ఒకచోట హద్దుండాలి," అని అతను సొంత పేరుతోనే రాసేవాడు. తండ్రికి ఆ మాట అగ్గి మీద గుగ్గిలం.

ఆ పొద్దున ఆయన చివరిగా ఏదో రాసి, ఫోన్ బల్ల మీద బోర్లించి, తృప్తిగా కాఫీ అందుకున్నారు. కొడుకు ఫోన్ చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. రొట్టె ముక్క కంచంలోనే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

"ఏం రాశారండీ?"

ఆయన కోర్టులో చదివినట్టు చదివారు. "'జీతం తినే నోరు యజమాని పాటే పాడుతుంది. తమ యంత్రంలో లోపముందని చెప్పే మగాడు ఆ కంపెనీలో ఒక్కడైనా ఉన్నాడా?'"

"కన్నకొడుకుని నలుగురిలో పట్టుకుని అంత మాటా?"

"అక్కడ వాడు కొడుకూ కాదు, నేను తండ్రినీ కాదు. వాదన వాదనే."

"మరి ఇక్కడ? ఇక్కడైనా తండ్రే కదా? తినకుండా వెళ్లాడు, కనబడలేదా?"

ఆయన కాఫీ తాగారు. కోడలు ఆసుపత్రిలో ఫార్మసిస్టు. డ్యూటీకి బయల్దేరుతూ అత్తగారిని గుమ్మం అవతలికి పిలిచింది. "ఆయన సరిగ్గా నిద్రపోవడం లేదత్తయ్యా. ఆఫీసులో ఏదో ఉంది. అడిగితే ఏం లేదంటారు. మామయ్యగారిని కొన్నాళ్లు ఊరుకోమనండి."

"నేను చెప్తే వింటారా తల్లీ? గోడకి చెప్పినా బీటలిచ్చేది ఈపాటికి."

ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరుగులు అతకడం. మధ్యాహ్నం ఎవరిదో కోటు లైనింగు విప్పుతుండగా గేటు చప్పుడైంది. కొడుకు. చేతుల్లో అట్టపెట్టె. అందులో ఆఫీసులో వాడుకునే కప్పు, స్వెట్టరు, చార్జరు.

"ఏమైందిరా?"

"ఇంటికి పొమ్మన్నారమ్మా."

లోపలి గదిలోంచి ఆయన వచ్చారు. కొడుకు ఫోన్ అందించాడు. సైట్లో, తండ్రి వ్యాఖ్య కిందే, అతను రాసిన జవాబు. ఆయన పైకి చదివారు. ఈసారి గొంతు కోర్టు గొంతులా లేదు.

"'ఆ యంత్రానికి ప్రోగ్రాం రాసినవాళ్లలో నేనొకణ్ణి. అది వయసు మళ్లినవాళ్ల ముఖాలు సరిగ్గా గుర్తుపట్టదు. లోపల ఎన్నిసార్లు చెప్పినా తర్వాత చూద్దామంటున్నారు. బాగుచేసేదాకా దాని మాట నమ్మి ఎవరికీ మందు ఆపకండి.'"

"రేపు పొద్దున రమ్మన్నారు," అన్నాడు కొడుకు. "ఇది తీసేసి, పొరపాటున రాశానని సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందట. లేకపోతే ఉద్యోగమూ పోతుంది, పైన కేసూ వేస్తారట."

భర్త ఛాతీ విరుచుకుంటారనీ, శభాష్ అని వీపు చరుస్తారనీ అనుకుంది ఆవిడ. ఆయన కుర్చీ తడుముకుని కూలబడ్డారు.

"తీసెయ్యి," అన్నారు.

"ఏంటి నాన్నా?"

"తీసెయ్యరా. ఇప్పుడే, నా కళ్ల ముందే తీసెయ్యి. సంతకం కూడా పెట్టెయ్యి."

"నేను తీయను."

"మాటకి హద్దుండాలన్నావు కదా! నీ వాదనే నిజం. నేనే తప్పు. ఒప్పుకుంటున్నాను, చాలా? తీసెయ్యి!"

ఆవిడకి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. పెళ్లయ్యాక ఆయన ముందు గొంతు పెంచింది తక్కువ. ఇప్పుడు కత్తెర బల్ల మీద ఠంగున పెట్టింది. "ఏమండీ, ఎదుటివాళ్ల పిల్లలైతే ఒక్క మాటా తీయకూడదు. మన పిల్లాడైతే తీసెయ్యాలా? మగాడున్నాడా అని పొద్దున అడిగింది ఎవరు? వాణ్ని రెచ్చగొట్టి నూతిలోకి తోసింది మీరు. ఇప్పుడు గట్టు మీద నిలబడి వణికేదీ మీరేనా?"

ఆయన తల వంచుకున్నారు. "నేనే తోశాను. నాకు తెలుసు."

"మీరు తోయలేదు నాన్నా," అన్నాడు కొడుకు మెల్లగా. "మీరు రాసినదానికి కోపమొచ్చింది, నిజమే. కానీ మీ మీద గెలవడానికి రాయలేదు. ఇన్నాళ్లూ మీతో వాదించిందే, లోపల నాకు తెలిసింది నాకే వినబడకూడదని."

"మరెందుకు రాశావురా?"

కొడుకు తల్లి వైపు చూశాడు. "తన కిటికీ దగ్గర ఒక ముసలాయన్ని యంత్రం కాదందని, మందు లేకుండా వెనక్కి పంపాల్సి వచ్చిందని నీ కోడలు చెప్పింది, గుర్తుందామ్మా? ఆ రోజు అన్నం తినకుండా ఏడ్చింది. నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు నువ్వు కుట్టుకుంటుంటే ఫొటో తీశాను. నీ పాత ఫొటోతో కలిపి యంత్రానికి చూపించాను. నాలుగుసార్లు చూపించినా 'ఈ మనిషి తెలియదు' అంది." "మా అమ్మ ఎవరో తెలియని దాన్ని నా చేతులతో తయారుచేశానమ్మా. అది తెలిసీ ఎలా ఊరుకోను?"

ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్లి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నుదుటి మీద చెయ్యి వేసింది. "తీయొద్దులే," అంది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన కోడలు అంతా విని సంచి దించింది. "నా జీతం ఉంది కదా. కొన్నాళ్లు కాస్త సర్దుకుంటే సరి. కేసంటారా, నా కిటికీ దగ్గర జరిగింది ఎక్కడైనా చెప్తాను," అని భర్త పక్కన కూర్చుంది. ఆయన కోడలి వైపు కొత్తగా చూశారు.

మర్నాడు పొద్దున కొడుకు ఆఫీసుకి బయల్దేరితే తల్లీతండ్రీ ఇద్దరూ వెంట వెళ్లారు. వద్దంటే వినలేదు. అతను అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాక, రోడ్డుకి ఇవతల టీ దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. టీ వచ్చింది, చల్లారింది, మీగడ కట్టింది.

"నేనెందుకు భయపడ్డానో నీకెప్పుడూ చెప్పలేదు," అన్నారాయన, ఆ తలుపు మీంచి చూపు తిప్పకుండా. "ఒకసారి ఒక ఫ్యాక్టరీ కుర్రాడు బోనెక్కాడు. యజమాని తప్పు బయటపెట్టాడని వాడి మీదే కేసు. వాడు చెప్పిందంతా నిజమని హాల్లో అందరికీ తెలుసు. అయినా ఓడిపోయాడు. వాడి మాటలూ నేనే టైపు కొట్టాను, తీర్పూ నేనే కొట్టాను. బయట వరండాలో వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. నిన్న మనవాడు పెట్టెతో వచ్చినప్పుడు, ఆ నాన్న ముఖం కనబడిందే నాకు."

ఆవిడ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. మాట కోసం ప్రపంచంతో పోట్లాడే మనిషి లోపల ఇంత దిగులుందని ఇన్నేళ్ల కాపురంలో తనకి తెలియలేదు. నిన్న తను ఆయన్ని అన్న మాటకి నొచ్చుకుంది. అయినా అనాల్సిందే అనుకుంది.

చాలాసేపటికి అద్దాల తలుపు తెరుచుకుంది. కొడుకు అటూ ఇటూ చూసి రోడ్డు దాటాడు. నడక చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఓడినవాడి నడక కాదది.

"ఏమన్నార్రా?" ఆయన కుర్చీలోంచి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయారు.

"నేను రాసినదాని కింద రాత్రంతా ఎక్కడెక్కడి ఫార్మసిస్టులో 'మా దగ్గరా ఇదే గోల' అని రాశారట నాన్నా. పొద్దున్నే ఆసుపత్రుల వాళ్లు ఫోన్లు చేసి, సంగతేంటని నిలదీశారట. ఇప్పుడు తీసేస్తే దాచినట్టవుతుందని మా కంపెనీ వాళ్లే ఉంచమన్నారు. కేసు లేదు. ఆ లోపం సరిచేసే పని నాకే అప్పగించారు. ఇకమీద అడక్కుండా బయట రాయొద్దన్నారు."

"నువ్వేమన్నావు?"

"'ముందు మీకే చెప్తాను, మీరు వినకపోతే మళ్లీ రాస్తాను' అన్నాను."

ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఏడుపయింది. జేబురుమాలు కోసం తడుముకుంటుంటే కొడుకు వంగి ఆయన భుజాలు పట్టుకున్నాడు. "ఊరుకోండి నాన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఒరేయ్, నిన్న నీ అంత ధైర్యం నాకు లేకపోయింది. నిన్ను అన్న మాట..."

"దాని సంగతి ఇంటికెళ్లాక తేల్చుకుందాం. ఇంకా నా వాదన పూర్తవ్వలేదు," అన్నాడు కొడుకు. ఆయన కళ్లు తుడుచుకుంటూనే, "రా, చూసుకుందాం," అన్నారు.

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. కోడలు. చుట్టూ మనుషుల రొద మధ్య గొంతు పెంచి మాట్లాడుతోంది.

"అత్తయ్యా, ఆయన ఫోన్ ఎత్తడం లేదు, మీరైనా చెప్పండి. మా కిటికీ దగ్గర యంత్రానికి ఇందాకే గుడ్డ కప్పేశారు. డాక్టరు చీటీ చూసి మందులిచ్చెయ్యమన్నారు. ఆ రోజు వెనక్కి పంపిన ముసలాయన వచ్చారు. నా చేత్తోనే ఇచ్చాను."

ఆవిడ ఆ మాటలు తండ్రీకొడుకులకి చెప్పబోయి ఆగింది. ఫోన్ స్పీకర్లో పెట్టి, వాళ్లిద్దరి మధ్యకి జరిపి, "మళ్లీ చెప్పు తల్లీ," అంది.