నెదర్ కోమ్లీలో లేని రాయి

1943 జూన్, బుధవారం ఉదయం. రెడింగ్ స్టేషన్‌లో ఆగిన రైలు పెట్టెలో సైన్యం కొరియర్ శవం దొరికింది. గొంతు కోసి ఉంది. అతని దగ్గరుండాల్సిన కాగితం లేదు. జర్మన్ నౌకాదళం కోడ్ తెలిసిన డాక్టర్ హార్ట్‌విగ్‌ను ఏ ఊళ్లో దాచారో ఆ కాగితంలో ఉంది.

లండన్‌లో మేజర్ ఏజెంట్ స్ట్రేక్‌ను పిలిపించాడు.

"రేపు మూడింటికి డాక్టర్‌ని సీలియా మార్చంట్ తీసుకెళ్లాలి. ఏ ఊరో ఆవిడకు రేపు పొద్దున్నే చెబుతాం. మన డబుల్ ఏజెంట్, జర్మన్లు తమ మనిషనుకుంటారు. కొరియర్ ఏ రైల్లో వస్తాడో ఆవిడకు తెలుసు."

"అయితే ఆపేద్దాం సార్."

"తప్పు ఆవిడది కాకపోతే? ఆవిడను జర్మన్లు నమ్మినంతకాలమే బెర్లిన్‌లో మనవాళ్లు ముగ్గురు బతుకుతారు. రుజువు లేకుండా ముట్టుకోకు."

గురువారం స్ట్రేక్ ఊరి చరిత్ర రాసుకునే పెద్దమనిషి వేషంలో, డాక్టర్‌ను దాచిన నెదర్ కోమ్లీ చేరాడు. పదకొండు ఇళ్లు. చర్చి తాళాలు చూసే డోర్కాస్ టాపర్ అతన్ని వెంట తిప్పింది.

"ఈ పిండిమర నూటయాభై ఏళ్లనాటిది. దాని పక్కది బందెలదొడ్డి. దారితప్పిన గొర్రెల్ని పెట్టేవాళ్లు. తాగొచ్చిన రోజు మా ఆయన్ని నేనే పెట్టాను."

మూడింటికి మర ముందు కారు ఆగింది. సీలియా దిగింది. పట్టు స్కార్ఫ్, చేతిలో గులాబీల గుత్తి.

"బార్లీ ఆడిస్తారా?" అంది.

"రాళ్లు అరిగాయి," అన్నాడు స్ట్రేక్. గుర్తుమాట సరిపోయింది. లోపల దాగున్న డాక్టర్ పెట్టె పట్టుకుని మర గుమ్మంలోకి వచ్చాడు.

డోర్కాస్ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవరమ్మాయివే?"

"ఇక్కడే పుట్టానండీ. మూడో ఏట వెళ్లిపోయాం. ఈ పూలు నాన్నకి. 1916లో, కిందటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోయాడు. ఇక్కడి రాతిమీద పేరుంది."

"ఏ రాయి?"

"యుద్ధంలో పోయినవాళ్ల రాయి."

"మాకది లేదే తల్లీ. ఆ యుద్ధానికి పద్నాలుగుమంది వెళ్లారు, పద్నాలుగుమందీ తిరిగొచ్చారు. పక్కూళ్లో రాతిమీద పంతొమ్మిది పేర్లున్నాయి. వాళ్లు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు."

ఇంగ్లండులో ఆ రాయి లేని ఊరు అరుదు. సీలియాకు కథ నేర్పినవాడు దేశాన్ని బాగానే చదివాడు. ఈ ఊరినే చదవలేదు.

గులాబీల గుత్తి డాక్టర్ గుండెకేసి తిరిగింది. స్ట్రేక్ కోటు జేబులోంచే కాల్చాడు. గుత్తిలోని పిస్తోలు కూడా పేలింది, గుండు డాక్టర్ పెట్టెలో దిగింది. సీలియా బందెలదొడ్డి గోడ కింద కూలింది. మళ్లీ కదల్లేదు.

డోర్కాస్ ఆమె కళ్లు మూసింది.

"ఈ పిల్లని వాగు దాటించండి బాబూ."

"ఎందుకు?"

"అవతల పక్కూరు. ఇంతవరకూ యుద్ధానికి మా ఊరు ఒక్క ప్రాణం కూడా ఇవ్వలేదు."

స్ట్రేక్ శవాన్ని కారులో వాగు దాటించాడు. చీకటి పడకముందే డాక్టర్ లండన్ చేరాడు. నివేదికలో మరణస్థలం పక్కూరని ఉంది. మేజర్ అడక్కుండా స్ట్రేక్ రాసిన అబద్ధం అదొక్కటే.