నలభై ఒకటో గోల

స్క్రీన్ మీద గీత కూడా లేదు. దమయంతి కుర్చీ వెనక్కి తోసి లేచి, "అంత బరువైపోయానా నీకు?" అని గోడకేసి అరిచింది. ఆ అరుపు వెయ్యి కిలోమీటర్ల అవతల, అండమాన్‌లో ఉన్న ఏలియాకి. ఆయన సిగ్నల్ ఆగిపోయి ఆ రోజుకి పన్నెండు రోజులు.

ఆవిడ విశాఖ హార్బర్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా రిటైరైంది. ఆయన లైట్‌హౌస్ కాపలాదారుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి ఆయన మూడక్షరాలు పంపుతాడు, ఆరింటికి ఈవిడ అవే తిప్పి పంపుతుంది. ఉన్నాను అని దానర్థం. తక్కువ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ సముద్రాలు దాటుతుంది గానీ, గోలలోంచి ఏరుకోవాలంటే ఒక్కో అక్షరాన్నీ సాగదీసి పంపాలి. అవి స్క్రీన్ మీద చుక్కలు, గీతలుగా పడతాయి. మూడక్షరాలకి అరగంట పడుతుంది. ఫోన్‌లో అయితే ఎవరైనా మాట్లాడతారు, తాము అలా కాదని ఇద్దరికీ గొప్ప. నంబర్ అడిగినవాళ్లు ఓడినట్టే అని పందెం కూడా వేసుకున్నారు. ఇద్దరూ మొండిఘటాలే.

అసలు గొడవంతా ఈవిడ ఉండే అపార్ట్‌మెంట్‌తోనే. ఎల్‌ఈడీ బల్బులు, కార్ల చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు అన్నీ ఆ బ్యాండ్‌లోనే గీపెడతాయి. వాటికి తోడు సరిగ్గా ఐదున్నరకే నీళ్ల మోటర్.

"అరగంట ఆగి వెయ్యలేవా గవర్రాజూ?" అని వాచ్‌మన్‌ని ఎన్నోసార్లు అడిగింది.

"ఏటండీ మేడంగారూ, టాంకీ నిండకపోతే మూడో ఫ్లోరోళ్లు నా పీక నొక్కేత్తారు!"

ఆ పోరు పడలేకే నౌషీన్‌ని పిలిచింది. ఆ అమ్మాయి సిగ్నల్ ప్రాసెసింగ్‌లో డాక్టరేట్ చేసి, జల్లెడ అనే పెట్టె తయారుచేసింది. దానికి రెండు యాంటెన్నాలు. డాబా మీదది ఆకాశాన్ని వింటుంది, మీటర్ బోర్డు పక్కది బిల్డింగ్ గోలని వింటుంది. పెట్టె మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తుంది. అది చాలక, వారం రోజులు ఒకే వేళకి ఒకేలా వచ్చిన చప్పుడు దేన్నైనా గుర్తుపెట్టుకుని, ఎనిమిదో రోజు నుంచి ఊడ్చేస్తుంది.

"ఆంటీ, రోజూ ఒకేలా వచ్చేవాటిలో మీకు కావలసినదేమైనా ఉందా? ఉంటే వదిలెయ్యమని చెప్తాను," అంది నౌషీన్.

దమయంతి కళ్లముందు ఆ క్షణాన మోటర్ తప్ప ఇంకేమీ లేదు. "రోజూ ఒకేలా వచ్చేదాంట్లో పనికొచ్చేది ఏముంటుందమ్మా? పీకి పారెయ్!"

మొదటి వారం ఏలియా అక్షరాలు ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనంత తెల్లగా కనిపించాయి. ఎనిమిదో రోజున స్క్రీన్ నల్లగా, శుభ్రంగా మిగిలింది. అంత బాగా పనిచేస్తున్న పెట్టెని ఎవరు అనుమానిస్తారు? మనిషినే అనుమానించింది. విసుగు పుట్టింది కాబోలు, చెప్పి మానేస్తే ఏం పోయింది అని పళ్లు నూరుకుంది.

సిగ్నల్ ఆగిన పన్నెండో రోజున అరిచి అరిచి, చివరికి మోర్స్ కీ ముందు కూర్చుని 'ఇక చాలు' అని పంపింది. ఆ రెండు మాటలకి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఎక్కడ ఆపినా సరిపోయేది. ఆపలేదు.

వారం తర్వాత నౌషీన్ జల్లెడ పట్టీ చూడడానికి వచ్చింది. అది తీసేసిన గోలలన్నీ వరసగా ఉన్నాయి. లిఫ్ట్, ఫ్రిజ్‌లు, నలభయ్యోది నీళ్ల మోటర్. నలభై ఒకటోది చదువుతూ ఆ అమ్మాయి ఆగిపోయింది.

"ఉదయం ఐదున్నర నుంచి ఆరు. మూడక్షరాలు. ఆంటీ, ఇది..."

"చదువు!"

"గత ఆరు రోజులుగా రాలేదు. గోల పూర్తిగా తొలగింది."

దమయంతి పెట్టె వైర్లన్నీ ఒక్క గుంజు గుంజింది. "నన్నడిగావు కదే! నాలుగు తగిలించైనా మళ్లీ అడగొద్దా?" అని నౌషీన్ మీద పడింది. తిట్టేది ఎవరినో తెలుస్తూనే ఉంది. ఆపుకోలేకపోయింది. ఫోన్ చేద్దామని చూస్తే, రేడియో లైసెన్సుల పుస్తకంలో ఏలియా పేరు పక్కన లైట్‌హౌస్ నంబరే ఉంది. ఆయన రిటైరైనప్పుడే అది తెగిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే, దమయంతి బతిమాలితే, గవర్రాజు మెట్లెక్కి ఇంటింటి తలుపూ కొట్టి అన్నీ ఆపించాడు. ఐదున్నరకి మోటర్, లిఫ్ట్, బల్బులు, చార్జర్లు అన్నీ ఆగిపోయాయి. ఆ బిల్డింగ్ కట్టాక అదే మొదటిసారి. దమయంతి పాత రిసీవర్ ముందు కూర్చుంది. ఆరయింది. తన మూడక్షరాలు పంపింది. మళ్లీ పంపింది. ఏడయింది.

కిందనుంచి గవర్రాజు కేకేశాడు. "మేడంగారూ, ఆయన పలికేరాండీ? మోటరేసేమంటారా?"

"వేసెయ్," అంది దమయంతి.