ఎర్ర దారంతో కుట్టిన నది

పొద్దున్నే కాఫీ గ్లాసుతో మేడ మీది పని గదిలోకి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, నది ఎర్రగా ఉందేంటి?"

తల్లి కుట్టు చట్రం మీంచి తల ఎత్తలేదు. "ఎర్ర దారంతో కుడితే ఎర్రగా కాక పచ్చగా ఉంటుందా?"

కూతురు చిత్రకారిణి. ఆరు గజాల తెల్ల గుడ్డ మీద ఒక నదినీ, ఒడ్డున నడిచే ఆడవాళ్ళనీ పెన్సిలుతో గీసింది. నలభై ఏళ్ళు ఎవరెవరి పెళ్ళి బట్టల మీదో పూలు కుట్టిన తల్లి ఆ గీతల్ని దారంతో నింపుతోంది. ఈ పనిలో మూడో మనిషి పరదేశి. ఆవిడ పని శబ్దాలు పోగుచెయ్యడం. ప్రదర్శనలో ఈ గుడ్డ వేలాడే గదిలో, దాన్ని కుట్టినప్పటి చప్పుడే వినిపించాలన్నది ఆవిడ ఆలోచన. అందుకే చట్రం పైన ఒక నల్లటి మైకు వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతుందని తల్లి ఆవిడకి 'చెవులమ్మ' అని పేరు పెట్టింది. అర్థం తెలిశాక ఆవిడ పడీ పడీ నవ్వింది. అప్పటినుంచీ తలుపు తట్టి, "చెవులమ్మ వచ్చింది" అనే లోపలికి వస్తుంది. ఆవిడ నేర్చుకున్న తెలుగల్లా అలాంటి నాలుగు మాటలూ, అంకెలూ.

ప్రదర్శనకి ఇంకా పన్నెండు రోజులుంది.

తల్లి మైకు వంక చూసింది. నేరుగా చూస్తే అది లేదు. చూపు పక్కకి తిప్పితే ఉంది. ఆరు వారాల కిందట మిరియపు గింజంత ఉన్న మసక మచ్చ ఇప్పుడు బొటనవేలి గోరంత అయింది. ఎటు చూస్తే అటు ముందే వెళ్ళి కూర్చుంటోంది.

"నీలం అని రాసిపెట్టానుగా," కూతురి గొంతు పెరిగింది. "ముగ్గురం కలిసి అనుకున్న రంగు కదా. చెప్పకుండా మార్చేస్తే ఎలా?"

"నువ్వు పుట్టకముందే సూది పట్టినదాన్ని. నాకు రంగులు నేర్పకు."

"అంటే నా గీతకి విలువ లేదన్నమాట."

"గీత గీసి లేచిపోతావు. కూర్చునేదాన్ని నేను."

"అయితే లే. నేనే విప్పేస్తాను." కూతురు కత్తెర అందుకుంది. "చట్రం తిరగేస్తే అరగంట పని."

తల్లి రెండు చేతులూ గుడ్డ మీద పరిచి, "తిరగెయ్యకు! నా మీద ఒట్టే!" అని అరిచింది.

ఆ కేకకి పక్క గదిలోంచి చెవులమ్మ వచ్చింది. ఈసారి తలుపు తట్టలేదు. ఇద్దరి ముఖాలూ చూసి, కాసేపు తటపటాయించి, రికార్డరు బల్ల మీద పెట్టింది.

"మొదటి రోజు," అంది.

సూది గుడ్డలో దిగిన చప్పుడు, టప్. దారం లాగిన చప్పుడు, సర్ర్. చెవులమ్మ వేళ్ళు మడిచింది. "ఒకటి, రెండు." మళ్ళీ టప్.

"నిన్న."

టప్. సర్ర్. తర్వాత ఏమీ లేదు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." ఆరు దగ్గర గోరు గుడ్డని గీకింది, చీకట్లో గొళ్ళెం వెతుకుతున్నట్టు. తొమ్మిది దగ్గర పళ్ళ సందున పీల్చిన ఊపిరి, స్స్. ఆ తర్వాత టప్.

"అమ్మకి నొప్పి," అంది చెవులమ్మ మెల్లగా.

తల్లికి ఒళ్ళు మండిపోయింది. "నా ఇంట్లో కూర్చుని నా మీదే నిఘా పెడతావా?"

మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. చెవులమ్మ కళ్ళు దించుకుని గోడకి ఆనుకుంది. ఈలోగా కూతురు చట్రం తిప్పనే తిప్పింది. వెనకవైపు కుట్లకి ఇవతల తెల్ల గుడ్డ మీద ఎండిన గోధుమరంగు చుక్కలు. ఒకటీ రెండూ కాదు, నది పొడుగునా. కూతురు తల్లి ఎడమ చెయ్యి లాక్కుని బలవంతంగా గుప్పిట విప్పింది. వేళ్ళ కొసలన్నీ సూదిపోట్లే.

"నీలం మీదైతే నెత్తురు కనబడిపోతుందనా?"

తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి కనబడట్లేదమ్మా?"

"ఆరు వారాలు. ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కంటి నడిమధ్య దెబ్బతింటోందట. కంట్లో సూదులు వెయ్యాలట." తల్లి నవ్వబోయింది. "సూదితో బతికినదానికి సూది వైద్యం."

"వేయించుకున్నావా?"

"ప్రదర్శన అయ్యాక వస్తానన్నాను. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదన్నాడు."

"ఎందుకు దాచావమ్మా?"

"నలభై ఏళ్ళు కుట్టాను. ఒక్క గుడ్డ మీదైనా ఫలానాది కుట్టిందని ఎవరూ రాయలేదు. ఈసారి ప్రదర్శన గోడ మీద నీ పేరు పక్కన నా పేరు రాయిస్తానన్నావు. చెబితే నన్ను లేపేసి ఇంకెవరినో కూర్చోబెడతావని..."

కూతురు నేల మీద చతికిలబడింది. కత్తెర పట్టుకుని ఎవరి కుట్లు విప్పబోయిందో తలుచుకుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. "రోజూ వచ్చి బొమ్మ చూసుకుని వెళ్ళానమ్మా. నీ చెయ్యి ఒక్కసారీ చూడలేదు."

తల్లి ఆ చేత్తోనే ఆమె తల నిమిరింది.

"లే, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం," కూతురు కళ్ళు తుడుచుకుంది. "నది ఎర్రగానే ఉంటుంది. మిగిలినది నువ్వు చెబుతూ ఉండు, నేను కుడతాను. నీ పేరే ముందు."

"నీ కుట్టు చూశాక నా పేరు తీసెయ్యమంటానేమో!"

గుమ్మం దాటబోతూ తల్లి ఆగింది. "చెవులమ్మా, నా మాట పట్టించుకోకు. ఆ మొదటి రోజుది ఇంకోసారి వినిపించు."

ఆవిడ తన హెడ్‌ఫోన్లు తీసి తల్లి చెవులకి తగిలించింది. టప్, సర్ర్. టప్, సర్ర్. ఎవరో పనిమంతురాలి చేతి చప్పుడు విన్నట్టు విని, తల్లి కళ్ళు మూసుకుంది. "జాగ్రత్తగా దాచు," అంది చివరికి.

మెట్ల దగ్గర ఆమె కిందికి చూసింది. మెట్టు ఉండాల్సిన చోట మసక తప్ప మరేం లేదు. ఇన్నాళ్ళూ అరికాలితో తడుముకుంటూ దిగింది. ఈసారి చెయ్యి చాపి కూతురి భుజం పట్టుకుంది. వెనక నుంచి చెవులమ్మ, తనకి వచ్చిన ఆ కాస్త తెలుగుతో, ఒక్కో మెట్టూ లెక్కపెట్టసాగింది.

"ఒకటి... రెండు... మూడు..."