ఖాళీ బండికి వేసిన టైము

"ఇరవై రెండు నిమిషాలు!" అని అరుస్తూ రాకెట్ ఇంట్లోకి వచ్చి పడింది.

కుట్టు మిషను దగ్గరున్న అమ్మ ఉలిక్కిపడింది. చొక్కా కాలరు మీద కుట్టు వంకర పోయింది.

"మెల్లగా చెప్తే నాకు వినపడదా?" అంది అమ్మ, దారం తెంపుతూ.

రాకెట్ అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట దాన్ని ఎవరూ వాడరు. నడవమంటే పరిగెత్తే పిల్లకి ఇంకేం పేరు పెడతారు?

ఆ శనివారం ఎదురింటి అక్కతో కలిసి కొండ పార్కుకి వెళ్ళింది. చేతికి అమ్మ వాచీ పెట్టుకుని, గేటు నుంచి కొండ మీది రెయిలింగు దాకా ఎంతసేపు పడుతుందో చూసింది. ఇదంతా తాతయ్య కోసమే.

తాతయ్య అమ్మకి నాన్న. ముప్పై ఏళ్ళు తొమ్మిదో నంబరు బస్సు నడిపాడు. మూడు నెలల కిందట మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి వీధి చివర దాటలేదు. "కొండ పార్కు దారి తేలికే, నెమ్మదిగా ఎక్కండి" అని డాక్టరు అనగానే ఆయనకి ఒక కోరిక పుట్టింది. కొండ మీంచి చూస్తే నీళ్ళ ట్యాంకు మలుపు కనిపిస్తుంది. పొద్దున ఏడున్నరకి తొమ్మిదో నంబరు బస్సు అక్కడ తిరుగుతుంది. ముప్పై ఏళ్ళు ఆ మలుపు తిప్పాడు గానీ, బస్సు తిరుగుతుంటే పైనుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

రాకెట్ గ్రాఫు కాగితం మీద ప్లాను గీసింది. ఏడింటికి గేటు. ఏడూ ఎనిమిదికి రెండో మలుపు. ఏడూ పదిహేనుకి పెద్ద బండ. ఏడూ ఇరవై రెండుకి పైన. దారిలో ఐదు బెంచీలున్నాయి. అవి ప్లానులో లేవు. పరిగెత్తేటప్పుడు రాకెట్ వాటిని చూడనే లేదు.

తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు.

"మా డిపోలో కూడా ఇంత నీటుగా వేసేవాళ్ళు కాదే" అన్నాడు.

ఇంకేదో అనబోయాడు. మనవరాలి మొహం వెలిగిపోవడం చూసి ఊరుకున్నాడు.

ఆదివారం ఏడింటికి ముగ్గురూ గేటు దాటారు. మొదటి బెంచీ దగ్గర అమ్మ ఆగింది.

"కూర్చుంటారా నాన్నా?"

"వద్దమ్మా. ప్లానులో లేదుగా."

"తాతయ్యా, మూడు నిమిషాలు లేటు!" రెండో మలుపు నుంచి రాకెట్ కేక వేసింది.

తాతయ్య అడుగులు వేగంగా వేశాడు. మూడో బెంచీ దగ్గరికి వచ్చేసరికి కూలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. రెండు చేతులూ మోకాలి మీద ఉన్నాయి.

"ఇక నా వల్ల కాదు. నువ్వు వెళ్ళి చూసి రా తల్లీ. ఎలా తిరిగిందో నాకు చెప్పు."

రాకెట్ ఒక్క పరుగున పైకెళ్ళింది. నీళ్ళ ట్యాంకు దగ్గర బస్సు చిన్నగా కనిపించింది. తిరిగింది. వెళ్ళిపోయింది.

కిందికి వచ్చేసరికి తాతయ్య ఆత్రంగా అడిగాడు.

"వెనక చక్రం గట్టుకి తగల్లేదు కదా?"

"ఏమో తాతయ్యా. తిరిగింది, అంతే."

"అంతేనా!" అని తాతయ్య నవ్వాడు. కానీ ఆయన కళ్ళు తను ఎక్కని దారి వైపే ఉన్నాయి. అది చూసి రాకెట్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

ఇంటికొచ్చాక తాతయ్య మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాడు. రాకెట్ పక్కన చేరింది.

"తాతయ్యా, మీ బస్సుకి టైము ఎవరు వేసేవారు?"

"ఒక కుర్ర ఆఫీసరు ఉండేవాడు. కొత్త రూటు పెట్టినప్పుడు, తెల్లారే ఖాళీ బండిలో తిరిగి రాసుకున్నాడు. భలే తక్కువ టైము వచ్చింది! మర్నాడు జనం ఎక్కారు. మూటలు, ముసలమ్మలు, చంటిపిల్లలు. ఎక్కాలి, దిగాలి. రోజూ లేటే. తిట్లన్నీ నాకు."

"తర్వాత?"

"తర్వాత జనం ఉన్న బండిలోనే కూర్చుని మళ్ళీ రాసుకున్నాడు పాపం."

రాకెట్ గోడకి అంటించిన గ్రాఫు కాగితం వైపు చూసింది.

"నా మీద కోపం వచ్చిందా?"

"నీ మీదెందుకే? స్టాపు కావాలని నోరు తెరిచి అడగొద్దూ నేను? ఆ మాత్రం బుద్ధి నాకుండాలి."

రాకెట్ లేచి వెళ్ళి కాగితాన్ని గోడ మీంచి పీకేసింది.

ఆ వారమంతా సాయంత్రాలు తాతయ్యతో వీధిలో నడిచింది. ఆయన కంటే రెండడుగులు వెనకగా, వాచీ చూసుకుంటూ. సరిగ్గా ఆరు నిమిషాలకోసారి తాతయ్యకి ఏదో ఒక షాపు బోర్డు చదవాలనిపిస్తోందని కనిపెట్టింది. చదవడం అయ్యాక ఐదు నిమిషాలకి గానీ కదిలేవాడు కాదు. అదీ రాసుకుంది.

మళ్ళీ ఆదివారం వాళ్ళు ఆరూ పదికే గేటు దాటారు. మొదటి బెంచీ రాగానే రాకెట్ చెయ్యెత్తింది.

"స్టాప్!"

అందరికంటే ముందు తనే కూర్చుంది. తాతయ్య కూర్చుని మంచినీళ్ళు తాగాడు. ఊపిరి కుదుటపడి ఆయన లేచాక "రైట్ రైట్!" అంది. అమ్మ పకపకా నవ్వింది.

ఐదు బెంచీలూ ఐదు స్టాపులయ్యాయి. నాలుగో స్టాపు దగ్గర ఎవరో పిల్లలు పక్కనుంచి పరిగెత్తుకుంటూ పోయారు. రాకెట్ కాళ్ళు ఊరుకోలేదు. తాతయ్య చూపుడువేలు గట్టిగా పట్టుకుంది. నడిచింది.

పైకి చేరాక వాచీ తీసి అమ్మకి ఇచ్చేసింది. ముగ్గురూ రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు ఏ బస్సూ రాలేదు. తర్వాత నీళ్ళ ట్యాంకు పక్కనుంచి మెల్లగా వచ్చింది.

తాతయ్య చేతులు గాల్లో లేని స్టీరింగును తిప్పాయి.

"చూడు, ముందు బయటికి పోనిచ్చి అప్పుడు తిప్పాలి. అదీ! చక్రం గట్టుకి జానెడు దూరంలో పోయింది, చూశావా?"

"చూశాను తాతయ్యా!" ఈసారి నిజంగానే చూసింది.

బస్సు మలుపు దాటింది. తాతయ్య కళ్ళు తుడుచుకుని, అమ్మ చేతిలోని వాచీ వైపు తొంగి చూశాడు.

"ఐదు నిమిషాలు లేటొచ్చాడే!"

"జనం ఎక్కుంటారు తాతయ్యా" అంది రాకెట్.