అంచు సాలు

"గట్టిగ పట్టుకో భీమక్కా!"

సుమేరా యాక్సిలరేటర్ మెలితిప్పుతుంది. స్కూటీ గుంతలో పడి ఎగురుతుంది. వెనక కూర్చున్న భీమక్క కొడవలి కొంగులో చుట్టి పట్టుకుంది.

ముందు ట్రాలీ ఆటో!

నీలం టార్పాలిన్ గాలికి కొట్టుకుంటోంది. పొద్దు గూకింది. దుమ్ముగూడెం రోడ్డు మసకబారింది. అయినా వాడు లైట్ వెయ్యడు.

"శ్రీనుగాడే సుమేరమ్మా! మా ఊరికి కిరాణా సామాను తెచ్చేటోడే!"

"వాని నంబర్ ఉందా?"

"ఉంటే? దొంగతనం జేసి ఫోన్ ఎత్తుతడా?"

నిజమే. సుమేరా పళ్లు కొరుకుతుంది. ఇవాళ ఎవరు ఎత్తారు గనక ఫోను!

ఆమెది భద్రాచలంలో మూలికల వ్యాపారం చేసే ఇల్లు. భీమక్కది అడవి అంచు ఊరు. ఇద్దరూ పట్టుబట్టి మూడేళ్లు సర్పగంధ పెంచారు. అదేమన్నా మాటలా? గింజ వేస్తే సగం మొలవదు. మొలిచింది ఎండకు మాడుతుంది. టేకు చెట్ల నీడన నీళ్లు మోసి మోసి బతికించారు. ఈ చలికాలం ఆకు రాలింది. వేరు తవ్వే టైమ్ వచ్చింది.

నిన్న ఊరంతా కొత్త పంట వండుకునే కొత్తల పండుగలో ఉంది... ఆ సందులో శ్రీను చేను తవ్వేశాడు!

అది చాలక ఇందాక మిగిలిన సాళ్ల కోసం మళ్లీ వచ్చాడు. భీమక్కను చూసి ఆటో ఎక్కి పారిపోతున్నాడు.

పంట పోతే పోయింది. సుమేరాకు ఏడుపొస్తోంది. అయినా పోనీ అనుకుంటోంది.

కానీ వాడు అంచు సాలు కూడా తవ్వాడు!

అడవి పందులు రాకుండా భీమక్క ఊరోళ్లు చేను చుట్టూ అడవినాభి పెడతారు. విషపు గడ్డ. దాన్ని కొరికిన పంది మళ్లీ కనబడదు. వానాకాలంలో ఎర్రగా పూస్తుంది, పిల్లలు కూడా గుర్తుపడతారు. చలికాలంలో తీగ ఎండి రాలిపోతుంది. పైన ఆనవాలే ఉండదు. గడ్డ మాత్రం లోపల ఉంటుంది.

శ్రీనుకు ఆ సంగతి తెలియదు. దొరికిందల్లా తవ్వి, ముక్కలు కొట్టి, బస్తాల్లో కుక్కాడు. గట్టు మీద పడిన గడ్డ ముక్కలు చూసి భీమక్క గుండెలు బాదుకుంది.

సర్పగంధ బీపీకి వాడతారు. నిద్రకు వాడతారు. అలాగని ఊరికే మింగేది కాదు. మోతాదు మించితే గుండె నెమ్మదిస్తుంది. బీపీ మాత్రల మీద అది కూడా తాగితే మనిషి పడిపోతాడు. ఇక దాంట్లో అడవినాభి కలిస్తే?

శవాలే!

ఆ బస్తాలు మిల్లుకు చేరకూడదు. పొడి అయితే దేంట్లో ఏముందో ఎవరూ చెప్పలేరు.

రోడ్డు మిట్ట ఎక్కింది. సిగ్నల్! ఒక్క గీత!

"భీమక్కా, పోలీసులకు కొట్టు! నా చెవి కాడ పెట్టు!"

"హలో సార్! దొంగతనం! బస్తాల్లో విషపు గడ్డలున్నయ్!"

"గంజాయా మేడం?"

"కాదు సార్! వేర్లు! సర్పగంధ!"

"వేర్లా..." అవతల ఆవలింత. "పొద్దున్నే కంప్లైంట్ రాస్కొని రాండ్రి."

"గప్పటిదాంక జనం చస్తరు సార్!"

కట్!

"ఛీ!" సుమేరా హ్యాండిల్ మీద గుద్దుతుంది. "గంజాయి అనుంటే పది జీపులొచ్చేటివి!"

"మీ అబ్బాకు కొట్టు సుమేరమ్మా!"

పొద్దుటి నుంచి కొడుతూనే ఉంది. అబ్బా... ఆమె నాన్న మహబూబ్ అలీ. ఆయన ఒక్క మాట చెప్తే భద్రాచలం మార్కెట్లో ఎవరూ ఆ బస్తాలు ముట్టరు. వేరు ముక్క నోట్లో వేసుకుని నమలనిదే ఆయన ఏ సరుకూ కొనడు. నమిలి, రసం మింగి, కళ్లు మూసుకుని రేటు చెప్తాడు. ల్యాబ్‌కు పంపుదామని సుమేరా పోట్లాడితే నవ్వుతాడు. "నా నాలుక కన్న పెద్ద ల్యాబ్ ఏడుంది బేటా?"

రింగ్... రింగ్... కట్!

మళ్లీ.

కట్!

"కావాలనే కట్ చేస్తున్నడు! ఏం మనిషి భీమక్కా ఈయన!"

"ముందు జూడు!"

ఎదురుగా కర్రల లారీ! ఆటో ఊగింది. రోడ్డు దిగింది. గోదావరి వైపు బండిబాటలో దూరింది.

సుమేరా కూడా దించేసింది. కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. ముందు మెత్తటి ఇసుక... ఆటో చక్రాలు దిగబడ్డాయి. ఇంజన్ గీపెట్టి ఆగిపోయింది.

శ్రీను దూకాడు. రెండడుగులు వేసేలోగా భీమక్క కాలర్ అందుకుంది.

"యాడికిరా!"

సుమేరా టార్పాలిన్ లాగింది.

గడ్డపార. ఖాళీ గోనె సంచులు. అంతే!

"బస్తాలేవిరా?"

"పొద్దుగాల్నే దింపేసిన మేడం!"

ఈ ఖాళీ ఆటో కోసమా ఇంత పరుగు! సుమేరాకు దాన్ని తగలబెట్టాలనిపిస్తోంది.

"ఎవరికి అమ్మినవ్?"

"పేరు చెప్పొద్దన్నడు..."

"అడవినాభి తవ్వినవ్‌రా సన్నాసీ!" భీమక్క వాణ్ణి ఊపేస్తుంది. "తిన్నోళ్లు చస్తరు! నిన్ను జైల్లో పెడితే నేనే వచ్చి తంత!"

శ్రీను మొహం పాలిపోయింది. "నాకు తెల్వదక్కా... అన్నీ ఒక్కటే వేర్లనుకున్న!"

"పేరు!"

వాడు సుమేరా వైపు చూశాడు. తల దించాడు.

"మీ అబ్బానే మేడం."

"అబద్ధం!"

"ఒట్టు! సగం రేటుకే ఇస్తనన్న. ఏడికెళ్లి తెచ్చినవని అడగనే లే. మేడంకు చెప్పకు, లొల్లి చేస్తదన్నడు."

మూడేళ్లు తను పెంచిన పంట... తన ఇంట్లోనే!

అప్పుడు మోగింది ఫోన్.

అబ్బా!

"ఏంది బేటా, గిన్ని ఫోన్లు? సరుకు చూస్కుంట కూసున్న. నువ్వు పోట్లాడతవని ఎత్తలే."

"అబ్బా! ఆ బస్తాలు మిల్లుకు పంపిన్రా?"

"లే. రేపు పంపుత."

హమ్మయ్య! ఆగాయి. బస్తాలు ఆగాయి.

"మస్తు సరుకు బేటా! పొద్దుగాల నమిలి చూసిన. నోరంత చేదు. మూడేళ్ల వేరు, నాకు తెల్వదా?"

చేదు... అంటే సర్పగంధే. అల్లా కాపాడాడు.

"అబ్బా, ఇగ వాటిని ముట్టకండి. నేను వస్తున్న."

"ఇను ముందు. ఒక్క బస్తాల తేడా కొట్టింది. అందుకే పంపలే. ఒక ముక్క నమిలిన, చేదు తక్కువ. ఇంకోటి నమిలిన. అనుమానం తీరక ఇంకోటి..." దగ్గు వచ్చింది. "గప్పటిసంది కడుపుల తిప్పుతాంది. ఒకటే వాంతులు."



"అబ్బా! అది విషం! దవాఖానాకు పోండి! జల్దీ!"

"హలో... ఏందీ? వినపడతలేదు..."

"దవాఖానాకు అబ్బా! ఎవరినన్న పిలువుండ్రి!"

"వచ్చేటప్పుడు జర సోడా తే బేటా... తాగి పండుకుంట. దుకాణం షట్టర్ లోపట్నించి ఏసేసిన... హలో..."

కట్!

ఈసారి ఆయన కట్ చేయలేదు. ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు.