మూడో మలుపులో వెలుగు

పాత రేసు ట్రాకులో ఆ మూడో మలుపు మంచిది కాదనేవారు. చీకటి పడ్డాక అక్కడ నేలకి జానెడు ఎత్తులో ఒక వెలుగు పాకేదట... ఆగేదట... మళ్ళీ పాకేదట. నేను దెయ్యాల్ని నమ్మను. కానీ అటు వెళ్ళాల్సి వస్తే మాత్రం రెండు మైళ్ళు చుట్టు తిరిగైనా వేరే దారిన పోయేవాణ్ణి.

అసలు సంగతి నాకు చెప్పింది మా షెడ్డులో పెద్ద మెకానిక్. చెబుతున్నంతసేపూ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. చేతులకి గ్రీజేమీ లేదు, పాపం.

ఒకప్పుడు అక్కడ పన్నెండేళ్ళపాటు ఏటా రేసు జరిగింది. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు సొంతంగా కట్టుకున్న కార్లు — పైకప్పు ఉండదు, నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. ఒక్కో చక్రానికి మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు. ఆ రేసులో ఒక కట్టుబాటు ఉండేది. నాలుగు నట్లూ బిగించాక మెకానిక్ డ్రైవరు హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాలి. అది పడనిదే కారు కదలదు. పడ్డాక డ్రైవరు ఇంకేమీ అడగడు.

చివరి ఏడాది డ్రైవరు ఇతని సొంత బావ, అక్క మొగుడు. చక్రాలు మార్చడానికి రేసు మధ్యలో కారు ఆగింది. మూడు నట్లు బిగించాడు. నాలుగోదాని దగ్గర కూర్చోగానే బావ నవ్వాడట.

“ఒరేయ్, బావమరిది బతక కోరతాడంటారు. గట్టిగా బిగించరా!”

ఇతనికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాడు.

మూడో మలుపులో ఆ నాలుగో చక్రం ఊడిపోయింది. బావ పోయాడు. రేసూ ఆ ఏడాదితోనే ఆగిపోయింది. చక్రం దొరికింది గానీ, నట్టు దొరకలేదు.

బిగించాడా... మరిచిపోయాడా? బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రాదు. నట్టు లోపల విరిగిన ఇరుసు ముక్క ఉంటే తప్పు ఇనుముది. ఖాళీగా ఉంటే ఇతనిది. అక్క మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మొన్నామధ్య, ఇళ్ళు కట్టడానికి ట్రాకు తవ్వేస్తున్నారని ఇతనికి తెలిసింది. తెల్లారితే యంత్రాలొస్తాయి. మిగిలింది ఆ ఒక్క రాత్రే. టార్చి పట్టుకుని బయల్దేరాడు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి —

వెలుగు ఉంది.

గడ్డిలో పాకుతోంది... ఆగింది... దాని వెనక ఎవరో వంగి ఉన్నారు. ఇతని చేతిలో టార్చి ఎప్పుడు జారిందో తెలీదు.

“బావా...” అన్నాడు. “నేను బిగించానో లేదో... నువ్వైనా చెప్పు బావా...”

వెలుగు పైకి లేచింది. ఇతని మొహం మీద పడింది.

“నువ్వా, తమ్ముడూ?”

అక్క! చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఉంది. మోకాళ్ళ దాకా మట్టి.

“ఇన్నేళ్ళూ ఇక్కడ తిరిగింది... నువ్వా అక్కా?”

ఆమె చేతుల మట్టి చీరకి తుడుచుకుంది.

“నట్టు కోసమేనా? దొరకలేదా?”

“దొరికిందిరా,” అంది మెల్లగా. “మొదటి ఏడాదే దొరికింది.”

“లోపల...”

“ఖాళీ.”

ఇతను అక్కడే కూలబడిపోయాడు. అక్క మళ్ళీ వెలుగు గడ్డి మీదికి దించింది.

“మరి... ఇంకా ఏం వెతుకుతున్నావక్కా?”

“పన్నెండేళ్ళు ఎన్ని కార్లు తిరగలేదురా ఇక్కడ! అది వేరే కారుది అయ్యుంటుంది. మీ బావది ఇంకా ఇక్కడే ఎక్కడో ఉంది. లే, నువ్వా పక్క చూడు... తెల్లారేలోపు దొరకాలి.”